కొండమీది మేడ

పర్వతసీమలయందు విలాసగృహములు నిర్మించుకొను అభిలాష నేడు ధనికవర్గమున ప్రబలుచున్నది. సిమ్లా, మనాలి ప్రాంతములలో వాలునేలను తొలిచి, అద్దపుగోడలతో బహుళాంతస్తుల భవనములు లేపుచున్నారు. సౌందర్యేచ్ఛను తప్పుపట్టవలసిన పని లేదు. కాని నేల స్వభావము నెరుగక గీచిన పటము ఎంత రమణీయమైనను నిరర్థకము.

ఉత్తరాఖండములోని జోశీమఠము పూర్వము జారిపడిన కొండచరియల శిథిలములపై వెలసిన పట్టణమనియు, అచ్చట భారీ నిర్మాణములు తగవనియు 1976లోనే మిశ్రా సంఘము హెచ్చరించినది. హెచ్చరిక కాగితముపై నిలిచినది. అంతస్తులు కొండపై పెరిగినవి. 2023 జనవరిలో వందలాది ఇండ్లు బీటలువారినవి; రెండు హోటళ్ళు ఒకదానిపైకి ఒకటి ఒరిగినవి. ఆ ఆగస్టు 14న సిమ్లాలోని సమ్మర్ హిల్ వద్ద కొండచరియ విరిగి శివాలయముపై పడగా 20 మంది మరణించిరి.

కారణము దురూహ్యము కాదు. వాలును నిటారుగా కోసినచో పైమట్టికి ఆధారము తొలగును. వాననీటికిని, వాడుకనీటికిని దారి లేనిచో అది మట్టిలో నింకి బరువును పెంచును, పట్టును సడలించును. సమతలమున కట్టడపు లోపము కట్టినవానినే బాధించును; కొండపై నది క్రింది యింటివాని నెత్తిన పడును.

హిమాచల గ్రామీణులు ఈ సంగతి చిరకాలముగ నెరుగుదురు. 'కాఠ్‌కుణి' అను వారి పద్ధతిలో దేవదారు దూలములను, రాళ్ళను సున్నము లేకయే వరుస మార్చి వరుస పేర్తురు. భూమి కంపించినపుడు రాళ్ళు కొంచెము కదలి తాకిడిని సహించును. దూలములు గోడను విడిపోనీయవు. నేటి హిమాచలములోని కాంగ్డాయందు 1905 ఏప్రిల్ 4 నాటి భూకంపమున సుమారు 20,000 మంది మరణించిరని తలచినచో ఈ పద్ధతి విలువ బోధపడును.

అట్లని అందరును పాత యిండ్లనే కట్టుకొనవలెనా? అడవిని నరకి కట్టిన యిల్లును కొండకు ద్రోహమే. గ్రహింపవలసినది సూత్రము. వాలుననుసరించి మెట్లుమెట్లుగా దిగు కట్టడము, అడ్డుగోడలలో నీరు వెలికిపోవు రంధ్రములు, దక్షిణమున కిటికీలు కావలెను. సిమ్లాలో డిసెంబరు చివర మధ్యాహ్నసూర్యుడు సుమారు 35 డిగ్రీల ఎత్తుననే యుండును. జూనులో 82 డిగ్రీలకు చేరును. తగిన చూరు గల దక్షిణపు కిటికీ శీతకాలపు ఎండను లోనికి రానిచ్చును, వేసవిలో వారించును. విద్యార్థులు ఈ లెక్కను భూగోళపాఠముతో సరిచూచుకొనవచ్చును.

అనుమతి నిచ్చువారు ముందు విచారింపవలసినవి నేలపరీక్ష, నీటిదారి, క్రింది యింటి క్షేమము. కొండపై నిర్భయముగ నిద్రించుటయే విలాసము. ఆ నిద్ర క్రింది యింటివానికిని దక్కవలెను.