అరసవల్లి రేగుపండు, అమెరికా బ్లూబెర్రీ

రథసప్తమి నాడు అరసవల్లిలో తెల్లవారకముందే ఇంద్ర పుష్కరిణి దగ్గర జనం కిటకిటలాడతారు. తలమీద, భుజాలమీద జిల్లేడాకులు, రేగుపళ్లు పెట్టుకుని స్నానం చేస్తారు. సూర్యనారాయణ స్వామిని కొలిస్తే కంటిజబ్బులు, చర్మవ్యాధులు నెమ్మదిస్తాయని ఉత్తరాంధ్ర అంతటా నమ్మకం. భోగినాడు పిల్లల తలమీద పోసేదీ ఆ రేగుపళ్లే. ఏటా రెండుసార్లు నెత్తికెక్కే ఈ పండును ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. అరవై దాటాక ఏ పళ్లు తినాలని అడిగితే, ఫోన్లో చూసిన వీడియో గుర్తుకొచ్చి బ్లూబెర్రీ పేరు చెబుతారు. వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. పిడికెడు బ్లూబెర్రీల డబ్బా ధర వందల్లో. కుర్రకారు విశాఖకో, హైదరాబాద్‌కో, చెన్నైకో పనికి వెళ్లిపోగా ఊళ్లో మిగిలిన పెద్దవాళ్లకు ఈ సలహా ఏం పనికొస్తుంది?

ధర సంగతి పక్కన పెట్టి, ఆ పేరుకు అంత గిరాకీ ఎలా వచ్చిందో చూద్దాం. శరీరంలో ప్రాణవాయువు ఖర్చయ్యే క్రమంలో పుట్టే ఫ్రీ రాడికల్స్ కణాలను దెబ్బతీస్తాయని, ముసలితనం దాని ఫలితమేనని డెన్‌హామ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1956లో ప్రతిపాదించాడు. వాటిని అడ్డుకునేవి యాంటీఆక్సిడెంట్లు. కాబట్టి అవి ఎక్కువున్న పండు తింటే వయసు నెమ్మదిగా మీదపడుతుందన్నది మార్కెట్ తీసిన లెక్క. గాజునాళికలో ఏ పండు రసానికి ఎంత బలముందో కొలిచి మార్కులు వేశారు. ముదురు రంగు బెర్రీలకు మంచి మార్కులు పడ్డాయి. అమెరికా వ్యవసాయ శాఖ ఆ పట్టికను కొన్నాళ్లు తన వెబ్‌సైట్‌లో ఉంచి, 2012లో తనే తీసేసింది. నాళికలో కనిపించిన బలానికీ మనిషి ఆరోగ్యానికీ సంబంధం రుజువు కాలేదని, కంపెనీలు ఆ అంకెలను అమ్మకాలకు వాడుకుంటున్నాయని కారణం చెప్పింది. పట్టిక పోయినా ప్రచారం ఆగలేదు.

ఆ లెక్కకు అసలు దెబ్బ అంతకు ముందే తగిలింది. ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేలమందికి పైగా పాల్గొన్న ప్రయోగం ఫలితాలు 1994లో వచ్చాయి. బీటాకెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చింది. జర్మన్ శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించిన మరో ప్రయోగంలో వ్యాయామం చేసే యువకులకు రోజూ విటమిన్ సి, ఇ మాత్రలు ఇచ్చారు. వ్యాయామంతో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడాలి. మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆ మెరుగు కనిపించలేదు. ఫ్రీ రాడికల్స్ కూడా శరీరానికి కొంతమేర కావాలని, వాటి తాకిడికే కణాలు తమ రక్షణను తాము పెంచుకుంటాయని అర్థమైంది. అన్నిటినీ ఊడ్చిపారేయడం ఆరోగ్యమని ఇప్పుడు శాస్త్రం అనడం లేదు. మందుల షాపులో దొరికే యాంటీఆక్సిడెంట్ గుళికలు మాత్రం అలాగే అంటున్నాయి.

మరి పండుకు విలువ లేదా అంటే, ఉంది. అమెరికాలో 70 ఏళ్లు దాటిన 16 వేలమంది నర్సుల ఆహారాన్ని, జ్ఞాపకశక్తిని గమనించి 2012లో ఒక అధ్యయనం వెలువరించారు. బ్లూబెర్రీలు, స్ట్రాబెర్రీలు తరచూ తినేవాళ్లలో మతిమరుపు రెండున్నరేళ్ల దాకా వెనకబడినట్టు అందులో తేలింది. దానికి ప్రభుత్వ నిధులతోపాటు కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ కమిషన్ డబ్బూ అందింది. బెర్రీలు కొనగలిగినవాళ్లు మిగతా తిండీ మంచిదే తింటారు, నడకకూ వెళ్తారు, కాబట్టి మేలంతా పండుదేనని తేల్చలేం. బెర్రీల ముదురు రంగునిచ్చే ఆంథోసయనిన్లలో రక్తంలోకి చేరేదీ స్వల్పమే. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని వేరే పదార్థాలుగా మారుస్తాయి. మేలు జరుగుతుంటే పీచు, ఆ సూక్ష్మజీవులు, తీపి మిఠాయి స్థానంలో పండు రావడం అన్నీ కలిసి చేస్తున్నాయనుకోవడమే సబబు.

ఆ మేలుకు సముద్రాలు దాటనక్కర్లేదు. జ్యేష్ఠంలో నాలుక నల్లబరిచే నేరేడుకు రంగునిచ్చేవీ ఆంథోసయనిన్లే. కార్తీకంలో ఉసిరి వస్తుంది, దానిలోని విటమిన్ సి ముందు నారింజ దిగదుడుపు. వేసవిలో ఈతపళ్లు, ఆ వెనకే వాక్కాయలు, సంక్రాంతికి రేగుపళ్లు. సీతంపేట కొండల్లోని సవరలు, జాతాపులు వీటిని తరాలుగా ఏరుకుని తింటున్నారు. హార్మన్ సిద్ధాంతం వచ్చిన 1956లోనే విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ కూడా పుట్టింది. కొండ సరుకును బయటి మార్కెట్‌కు చేర్చడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఈ రెంటిలో మన పెద్దలకు ఎక్కువ అక్కరకొచ్చేది రెండోదేనని నాకు అనిపిస్తుంది.

అయితే నేరేడు గింజల పొడితో షుగరు మాయమవుతుందనే మాట నమ్మి మాత్రలు ఆపేయడం ప్రమాదం. స్థానికమైనదంతా మందు అనుకోవడం, విదేశీదంతా గొప్పదనుకోవడం ఒకే రకం పొరపాటు. ఉసిరి ఆవకాయ తిని విటమిన్ సి తిన్నానని మురిసేవాళ్లు అందులో పడిన ఉప్పును, ఉసిరి మురబ్బా తినేవాళ్లు దాని పాకంలోని పంచదారను కూడా లెక్కలో వేసుకోవాలి.

శ్రీకాకుళం జిల్లాలో ఈ చర్చ అసలు సంగతికి వచ్చేది ఉద్దానంలో. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస పరిసరాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా కుటుంబాలను తినేస్తోంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. కిడ్నీలు సరిగా వడకట్టలేనప్పుడు రక్తంలో పొటాషియం పేరుకుంటుంది, అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. అలాంటి రోగికి పండును యాంటీఆక్సిడెంట్ మార్కులతో కొలిచి చెబితే ఏమవుతుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మన మార్కెట్ పళ్లను పరీక్షించినప్పుడు తాజా పళ్లలో జామ ముందు నిలిచింది, ఆపిల్ బాగా వెనకబడింది. పేదవాడి పండు నెగ్గిందని అప్పట్లో పత్రికలు సంబరపడ్డాయి. కానీ తూకానికి తూకం చూస్తే జామలో పొటాషియం అరటిపండులో కన్నా ఎక్కువ, ఆపిల్‌లో దానికి నాలుగో వంతే. పొటాషియం పెరిగిన రోగికి డాక్టరు ఆపిల్‌ ముక్క తినమని, జామ వద్దని అంటాడు. మార్కుల పట్టికలో పైనున్న పండు అతనికి కీడు, కిందున్నది క్షేమం. ఉద్దానం కొబ్బరికి పేరు. ఆ కొబ్బరి నీళ్లూ పొటాషియంతో నిండినవే. మోతాదు మించిన విటమిన్ సి మాత్రలు శరీరంలో ఆక్సలేట్‌గా మారి కిడ్నీలకు మరింత బరువవుతాయి. నక్షత్రపండైతే కిడ్నీ రోగులకు నేరుగా విషమే.

అలాగని కిడ్నీ జబ్బున్న ప్రతివాళ్లూ పళ్లు మానేయాలని కాదు. తొలిదశలో, పొటాషియం అదుపులో ఉన్నవాళ్లకు పళ్లు, కూరగాయలు మంచివే. తేడా తెలియాలంటే రక్తపరీక్ష కావాలి. పండు గురించి సలహా ఇచ్చే ముందు, రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం ఎంతున్నాయని అడిగే వీడియో ఒక్కటీ నా కంట పడలేదు.

పెద్దవాళ్లకు పండు అందకపోవడానికి కారణాలు చాలావరకు సాదాసీదావి. పళ్లూడిన నోటికి గట్టి జామ కొరుకుడు పడదు. సంతకు వెళ్లి తెచ్చేవాళ్లు ఉండరు. ఊరి చివర నేరేడు చెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. ఉపాధి హామీ నిధులతో పళ్లచెట్లు నాటుతున్నప్పుడు మామిడి, జీడిమామిడి పక్కన చెరువుగట్ల మీద నాలుగు నేరేడు మొక్కలు, బడి ఆవరణలో ఉసిరి వేయడం పెద్ద ఖర్చేమీ కాదు.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పోషకాల పట్టికల్లో 528 భారతీయ ఆహార పదార్థాల వివరాలున్నాయి. ఏ పండులో పొటాషియం ఎంతో చూసుకోవడానికి అవి చాలు. జామ, నేరేడు, రేగు, ఉసిరి, బొప్పాయి, కొబ్బరినీళ్లు: వీటిలో ఎవరు ఏది ఎంత తినొచ్చో ఒక్క కాగితం మీద పెద్ద తెలుగక్షరాల్లో అచ్చువేసి, పలాస ఆస్పత్రి డాక్టర్లతో సరిచూయించి, పింఛను ఇచ్చే రోజున ఇంటింటికీ చేర్చొచ్చు. పింఛనుతో ఎలాగూ ప్రతి నెలా ఒకటో తేదీకి ప్రభుత్వ ఉద్యోగి ఆ గడప దాకా వెళ్తూనే ఉన్నాడు.