సైటు వచ్చినదా, చూపు తగ్గినదా?

"మావానికి సైటు వచ్చినదండీ" యని తండ్రులు బెంగతో చెప్పుచుందురు. ఇంగ్లీషువారికి సైటనగా చూపు. చూపు వచ్చినచో బెంగ యెందులకు? వచ్చినది లోపము, దానికి మనము పెట్టిన పేరు చూపు. (ఇంటిస్థలమునకును సైటే!) మాటను అరువు తెచ్చి యర్థమును తలక్రిందులు చేసితిమి.

మనకు మాటలు లేకనా? దూరపు వస్తువు మసకబారినచో హ్రస్వదృష్టి. దగ్గరి యక్షరము కానరానిచో చత్వారము. చత్వారింశత్తనగా నలువది, ఆ యీడుననే కంటిలోని కటకము బిరుసెక్కును. వేటపాలెములో మగ్గముకడ తెగిన పోగును ముడివేయలేక తడుముకొను నేతగాని నడుగుడు, "సైటండీ" యనును. కుంభాకారపుటద్దము కావలయునో, పుటాకారపుటద్దము కావలయునో ఆ మాట చెప్పదు. అతని కూలి మాత్రము తగ్గును. 1918లో వెలసిన సారస్వత నికేతనము ఆ యూరనే యున్నది. చత్వారమును ముసలితనమనుకొని చదువు మానినవానికి అందలి బీరువాలు తెరచియున్నను మూసినట్టే.

ఆడపిల్లల విషయమున నీ మాట చేయు కీడు మరింత ఘోరము. "సైటున్న పిల్ల" యన్నచో రోగముగల పిల్ల యని లోకము తలచును. అందుచేత పెళ్ళిచూపులనాడు తల్లియే కూతురి యద్దములు తీయించును. వరుని చూడవలసిన పిల్ల మసకలో తల వంచుకొని కూర్చుండును. చుట్టములు సిగ్గరియని మెచ్చుకొందురు! చూపు తీసివేసి జరుపు చూపులేమి చూపులో మాకు బోధపడదు. వరుని ముక్కుమీది యద్దములు మాత్రము చదువునకు గురుతట.

తల్లులారా, సంబంధము మాటాడునాడే "చూపు కొంత తగ్గినది, అద్దములతో సరిపోయినది" యని చెప్పుడు. పిల్లను అద్దములతోనే కూర్చుండనిండు. వలదనువారు వచ్చిన త్రోవనే వెళ్ళుదురుగాక.