పట్టీ పెంచితే కుదుపు తగ్గదు



క్యాంపర్ వ్యాన్ వెనక కుదుపు తగ్గాలంటే కమాన్ కట్టలో (లీఫ్ స్ప్రింగులో) ఇంకో పట్టీ వేయిస్తే చాలని గత సంచికలో వ్యాసకర్త రాశారు. ఐ.పోలవరం పాఠకుడిగా నేను దీన్ని ఒప్పుకోలేను. పట్టీ పెరిగితే కట్ట బిగుస్తుంది. బరువు మోస్తుంది గానీ, గుంతలో తగిలిన దెబ్బను పైకే తోస్తుంది. మా దగ్గరి మురమళ్ల గుడికి టెంపో ట్రావెలర్‌లో వచ్చేవాళ్లలో, వెనక ఇరుసు దాటి ఆఖరి సీట్లో కూర్చున్నవారికి ఆ దెబ్బ బాగా తెలుసు.

క్యాంపర్‌లో మంచం, బ్యాటరీలు, వంటసామాను ఎప్పుడూ ఉండేవే. 100 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 100 కిలోలు. అందుకే ముందు నిండు బండిని కాటా మీద తూయించాలి, వెనక ఇరుసు బరువు విడిగా చూడాలి. ఈ పని చేయకుండా గ్యారేజీకి వెళ్లడం డబ్బు దండగ.

తర్వాత టైర్లలో గాలి, అరిగిన బుష్షులు, నూనె కారుతున్న షాక్ అబ్జార్బర్లు చూడాలి. స్ప్రింగు బరువు మోస్తుంది, ఊగిసలాట ఆపేది షాక్ అబ్జార్బరే! అవి బాగున్నా కుదుపు తగ్గకపోతే పారాబోలిక్ కమాన్ వేయించవచ్చు; అందులో పట్టీలు తక్కువ, రాపిడీ తక్కువ. బరువును బట్టి గాలి నింపుకొనే ఎయిర్ బెలోస్ కూడా ఉన్నాయి.

ఏది బిగించినా ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువు పరిమితి పెరగదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. ఆ వ్యాసానికి ఈ సవరణను వచ్చే సంచికలో ప్రచురించాలని మనవి.

— ఒక పాఠకుడు, ఐ.పోలవరం