వడ్డీ మురిపెంలో మరచిన అసలు

పెళ్ళితో కథ ముగించడం హాస్యచిత్రాలకు చిరకాలపు ఆచారం. వధువు వేలికి ఉంగరం తొడగగానే తెర దింపివేస్తే రచయితకు శ్రమ తక్కువ, ప్రేక్షకునికి సంతోషం ఎక్కువ. ఆ ఉంగరపు మెరుగు తగ్గిన తరువాత ఏమి జరిగినదని ఎవరూ అడుగరు. హాలీవుడ్‌లో మెట్రో గోల్డ్విన్ మేయర్ వారు అడిగినారు. 1950లో ఘనవిజయం పొందిన 'ఫాదర్ ఆఫ్ ది బ్రైడ్'కు కొనసాగింపుగా మరుసటి యేడే 'ఫాదర్స్ లిటిల్ డివిడెండ్' విడుదల చేసినారు. అడిగినందుకు వారిని మెచ్చుకొనవలసినదే. అయితే సమాధానం చెప్పవలసినవారి చేత చెప్పించలేదని నా అభియోగం.

రెండింటికీ దర్శకుడు విన్సెంట్ మినెల్లి. రెండవదానిని ఆయన 'ఆన్ అమెరికన్ ఇన్ పారిస్' నిర్మాణం నడుమ దొరికిన విరామంలో, కొద్ది వారాలలో ముగించినాడు. ఆ తొందర తెరమీద కనబడదు. మొదటి చిత్రంలో కూతురి పెళ్ళిఖర్చుకు తల్లడిల్లిన వకీలు స్టాన్లీ బ్యాంక్స్, ఇందులో తాత కాబోతున్నాడు. ఇల్లంతా పండుగ చేసుకొనుచుండగా ఆయనకొక్కనికే ఆ శుభవార్తలో తన వార్ధక్యం వినబడుతుంది. స్పెన్సర్ ట్రేసీ ఆ భయాన్ని సంభాషణతో కాక ముఖంతోనే చెప్పినాడు. డివిడెండ్ అనగా వాటాదారునికి ముట్టే లాభం. 'అసలు కంటె వడ్డీ ముద్దు' అన్న మన సామెతకు అమెరికా వారు వేసిన ముసుగు ఇదే కాబోలు!

ఆ వడ్డీ మాత్రం తాతను చూడగానే గుక్కపట్టి ఏడుస్తుంది. చిత్రంలో మిన్నయైన ఘట్టం దీని తరువాతది. పసివానిని బండిలో ఉద్యానానికి తీసుకొనిపోయిన తాత, అక్కడి పిల్లల బంతాటలో చేరి ఒళ్ళు మరచిపోతాడు. తిరిగి చూస్తే బండీ లేదు, బిడ్డా లేడు. తుదకు పోలీసు ఠాణాలో దొరికిన బిడ్డ, అంతమంది అపరిచితుల మధ్య, తాతను చూచి మొదటిసారి నవ్వుతాడు. వృద్ధాప్యానికి జంకినవాడు బాల్యంలోకి జారిపోయి, ఆ అపరాధం వల్లనే తాతగా అంగీకారం పొందడం! నవ్విస్తూనే గొంతు పట్టించే కల్పన ఇది.

మరి అసలు సంగతి? కూతురు కే, అల్లుడు బక్లీ కొత్తగా కాపురం పెట్టినవారు. కథ వారిదే కావలసినది. కాని వారిని మనం ఎప్పుడూ తండ్రి కుర్చీలో కూర్చుండియే చూస్తాము. బిడ్డ ఎక్కడ పెరగాలి, ఎట్లు పెరగాలి అన్న దానిపై ఇరుపక్షాల వియ్యాలవారి పోటీ వినబడినంతగా ఆ దంపతుల గొంతు వినబడదు. వారి మధ్య అపార్థం వచ్చినప్పుడు కూడ సర్దుబాటు పెద్దమనిషి చేతిమీదుగానే జరుగుతుంది. కాపురంలో మొదటి కలతను తామే తీర్చుకొనగలిగినామన్న తృప్తిని ఆ పడుచువాళ్ళకు దక్కనీయలేదు. కథనం వ్రాసిన ఫ్రాన్సెస్ గుడ్రిచ్, ఆల్బర్ట్ హాకెట్‌లు స్వయంగా భార్యాభర్తలు. కాపురాన్ని లోపలినుండి ఎరిగిన వారే వాకిట నిలిచి వ్రాయడం విచారకరం.

పేరే 'తండ్రిగారి డివిడెండ్' గదా, తండ్రి కన్నుతో చూపక మరెట్లు చూపుతారని అనవచ్చు. కాని కే పాత్ర ధరించిన ఎలిజబెత్ టేలర్ బ్రతుకు ఆనాడెట్లున్నదో చూడండి. 1950 మేలో, పద్ధెనిమిదేండ్ల ప్రాయంలో, కాన్రాడ్ హిల్టన్ జూనియర్‌తో ఆమెకు వివాహమైనది. పెళ్ళిబట్టలు స్టూడియో వారే కుట్టించినారు. పెళ్ళి సందడి చల్లారకముందే మొదటి చిత్రం విడుదలైనది. 1951 జనవరిలో విడాకులు. ఏప్రిల్‌లో ఆమె తెరమీద సుఖసంసారి, తల్లి! కొత్త కాపురంలో ఒక పడుచు ఎందుకు ఊపిరాడక పోతుందో ఆ నటికి తెలిసినంతగా స్టూడియోలో మరెవరికీ తెలిసియుండదు. ఆమెకు ఇచ్చిన సంభాషణలలో దానికి ఒక్క వాక్యం చోటు లేదు.

1995లో స్టీవ్ మార్టిన్ తండ్రిగా ఈ కథను మరల తీసినప్పుడు కూతురితోపాటు తల్లిని కూడ గర్భవతిని చేసినారు. తండ్రిగారి కంగారు రెండింతలైనది. కూతురికి మిగిలిన చోటు ఇంకా తగ్గినది.