రాతిచేలలో కోతయంత్రము: సిద్ధపరచు గంట యెవరిది?

సహకార సంఘముల సర్వసభ్య సమావేశములలో ఇటీవల తరచుగా వినవచ్చుచున్న ప్రశ్న యొకటి కలదు. ట్రాక్టరు వెనుక తగిలించు బరువైన కోతయంత్రమును, అనగా రైతులు రోటరీ స్లాషరని పిలుచుదానిని, సంఘము సొమ్ముతో కొనవచ్చునా? కొనినచో రాళ్లున్న చేలలోనికి దానిని పంపవచ్చునా? కొనవచ్చుననియే నా యభిప్రాయము. పంపవచ్చుననియు చెప్పుదును. కాని యంత్రమును చేనికి తగినట్లు సిద్ధపరచుటకు పట్టు కాలమును ఎవరి ఖాతాలో వ్రాయవలెనో ముందుగా నిర్ణయింపని సంఘము దానిని కొనకుండుటయే మేలు. ఇంత చిన్న విషయమునకు వ్యాసమా యని కొందరు నవ్వుదురు. యంత్రములు చెడుటకును మనుష్యులు గాయపడుటకును మూలము ఈ చిన్న విషయముననే యున్నది.

మేళ్లచెరువు చుట్టుపట్ల నేల సంగతి సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. సిమెంటు కర్మాగారములు ఇచ్చటికి వచ్చినది మన పంటలను చూచి కాదు, మన కాళ్లక్రింది సున్నపురాతిని చూచి. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిదప ఎడమకాలువ క్రింది పల్లములు వరి మాగాణులైనవి. నీరెక్కని మెరకలు మాత్రము ప్రత్తికిని కందికిని మిగిలినవి. ప్రత్తికి కూడ పనికిరాని వాలులు తంగేడు, రేగు, సర్కారుతుమ్మల పాలైనవి. ఈ మెరకలలో పలుచోట్ల జానెడు మట్టి క్రిందనే బండ తగులును. దున్నిన ప్రతి యేడును క్రొత్తరాళ్లు పైకి వచ్చుచుండును. 2016లో ఈ ప్రాంతము నల్లగొండ జిల్లా నుండి విడివడి సూర్యాపేట జిల్లాలో చేరినది గాని, రాళ్లు ఎక్కడివక్కడనే యున్నవి.

యంత్రముతో పనియేమన, ముఖ్యముగా ప్రత్తికట్టె. చివరి తీత ముగిసిన పిదప కట్టెను చేలో నిలువనిచ్చినచో గులాబిరంగు పురుగు ఎండుకాయలలో దాగియుండి మరుసటి పంటపై పడును. కట్టెను పెరికి తగులబెట్టుట మన వాడుక. దానితో నేలకు చేరవలసిన సారము పొగయై పోవుచున్నది. కోతయంత్రము కట్టెను తుంచి చేలోనే పరచును. ష్రెడ్డరంత మెత్తగా తుంచదు, నిజమే. కాని ష్రెడ్డరు సుత్తులు రాతిచేలో త్వరగా అరిగి, తిరుగు పీపా తూకము తప్పి బేరింగులు పోవును. బీడులలోని పొదలకు కూడ పనికివచ్చునది స్లాషరే. కనుకనే మన నేలకు దీనినే నేను కోరుచున్నాను.

రోటవేటరు నెరిగిన రైతు దీనిని దాని తమ్ముడనుకొనును. అది సరికాదు. రోటవేటరు కత్తి మట్టిలో తిరుగును. రాయి తగిలిన కత్తి వంగును, లేదా విరుగును. స్లాషరు కత్తి గాలిలో తిరుగును. అయిదడుగుల వెడల్పున కోయు యంత్రములో కత్తి నిమిషమునకు 900 మారులు తిరిగినచో దాని కొన సెకండునకు 70 మీటర్లు, అనగా గంటకు 250 కిలోమీటర్ల వేగమున పోవును. ఆ కొన తగిలిన గుప్పెడు రాయి ఏమగునో, జొన్నచేని మంచెపై వడిసెల త్రిప్పిన పెద్దల నడిగిన చెప్పుదురు.

ఈ యంత్రమును కల్పించినవారికి రాళ్ల సంగతి తెలియకపోలేదు. 1951లో అమెరికాదేశపు అలబామా రాష్ట్రమున, సెల్మా పట్టణములో ఆరంభమైన బుష్‌హాగ్ కంపెనీ వలన ఇది ప్రసిద్ధికెక్కినది. అచ్చటి రైతులు ఏ కంపెనీ యంత్రమునైనను ఆ పేరనే పిలుచుట కలదు. ఇది పొదలు నరుకుటకు పుట్టినదే గాని పచ్చికను చక్కదిద్దుటకు పుట్టినది కాదు. అందుచేతనే కత్తులను బిగియగట్టక, లావుపాటి బోల్టుపై ఊగునట్లు తగిలించిరి. గట్టిది తగిలిన కత్తి వెనుకకు మడిగి తప్పుకొనును. నడుమ అడుగున మూకుడు వంటి ఇనుపపళ్లెము నుంచిరి; యంత్రము మొద్దుపై కెక్కినపుడు ఆ పళ్లెము జారి గేరుబాక్సును కాపాడును. ముందువెనుకల గొలుసుతెరలు వ్రేలాడదీసిరి. ఇన్ని రక్షణలుండియు యంత్రములు పాడగుచున్నవనిన, సిద్ధపరుపకయే వానిని నడుపుచున్నారని యర్థము.

సిద్ధపరచుట షెడ్డులో గాక చేలో మొదలగును. ముందునాడు ఇద్దరు మనుష్యులు చేనంతయు కాలినడకన తిరిగి, చేత నెత్తగల రాళ్లను గట్టున వేయవలెను. ఎత్తలేని బండ ప్రక్కన కర్ర నాటి పాతగుడ్డ కట్టవలెను. పాతకంచె తీగలు, బోరు వద్ద పారవేసిన పైపుముక్కలు రాళ్లకంటెను చెడ్డవి. తీగ ఇరుసునకు చుట్టుకొని సీలును కోయును. నూనె కారిపోయిన సంగతి గేరుబాక్సు కాలిన తరువాతనే తెలియును.

తరువాతిది ఎత్తు. రైతునకును డ్రైవరునకును జగడ మిచ్చటనే. నేలకంట కోయుమనును రైతు. మోడు మిగిలినచో, సగము పని చేసి పూర్తి డబ్బు తీసికొనిరని ఊరంతయు చెప్పును. రాతిచేలో ఆరంగుళములకు తగ్గించి కోయరాదని నేను ఖండితముగా చెప్పుచున్నాను. బండ తేలిన చోట జానెడు మోడు మిగిలినను నష్టము లేదు. ప్రత్తిమోడు మరల చిగురింపక ముందు దుక్కిలో పెకలింపవలసినదే గదా, అది ఆరంగుళములైన నేమి, తొమ్మిదైన నేమి? ఈ యెత్తును హైడ్రాలిక్ మీటకు మాత్రమే విడువరాదు. ప్రక్కల జారుడుపట్టీలను, వెనుకచక్రమును ఆ యెత్తుననే బోల్టులతో నిలిపి, అంతకు దిగకుండ గొలుసు కట్టిన మరియు మంచిది. కళ్లమువంటి సమనేలపై, ఇంజను ఆపి, తాళపుచెవి డ్రైవరు జేబులో నుండగా కొలువవలెను. ముందువైపు కత్తికొన వెనుకవైపుకంటె అరంగుళము మొదలు అంగుళము వరకు క్రిందుగా నుండవలెను. అట్లున్నచో మొక్క యొకమారు తెగి వెనుకకు పోవును. వెనుకభాగము క్రిందైనచో తెగినదే మరల తెగుచు ఇంజనుపై భారము పెరుగును.

టాప్ లింకును బిగియబట్టి యుంచరాదు. వెనుకచక్రము గుంటలో దిగినను గట్టెక్కినను యంత్రము నేలను బట్టి ఊగుటకు వీలుగా ఊగుడుబద్ద గాని గొలుసు గాని యుండవలెను. ట్రాక్టరు మొత్తము బరువులో అయిదవ వంతైనను ముందుచక్రములపై నిలువవలెను. చాలనిచో ముందు బరువుదిమ్మలు తగిలింపవలసినదే. గుట్టవాలున అడ్డముగా నడుపుట ప్రాణముతో ఆట. వాలు వెంబడినే పైకి క్రిందికి నడుపవలెను.

పి.టి.ఓ. షాఫ్టు విషయము సంఘపు యంత్రమునకు మరీ ముఖ్యము. సొంతదారుని యంత్రము ఒక్క ట్రాక్టరు వెనుక నుండును. మనది పలువురి ట్రాక్టర్ల వెనుక తిరుగును. ఒకదానిలో నొకటి దూరియున్న గొట్టములు పనివేళ పొడవులో మూడవ వంతైనను కలిసియుండవలెను. యంత్రము నెత్తి దించి చూచినపుడు కొసలు గుద్దుకొనరాదు. ట్రాక్టరు మారిన ప్రతిమారును దీనిని చూడవలెను. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లకు మించరాదు. పైనున్న ప్లాస్టిక్ తొడుగు పగిలినచో క్రొత్తది వేయువరకు యంత్రము షెడ్డు దాటరాదు. పంచెకొంగును పట్టుకొనుటకు ఆ షాఫ్టునకు రెప్పపాటు చాలును.

స్లిప్ క్లచ్చి నెలల తరబడి షెడ్డులో నిలిచి, తుప్పు పట్టి అంటుకొనును. అంటుకొనిన క్లచ్చి యున్నను లేనట్లే. పని యారంభమునకు ముందు స్ప్రింగుల నట్లు సడలించి, రెండుమూడు సెకండ్లు జారనిచ్చి, మరల వెనుకటి కొలతకే బిగింపవలెను. కొన్ని యంత్రములకు క్లచ్చికి బదులు షియరుబోల్టు ఉండును. అది విరుగుటకే పెట్టిన బోల్టు. దాని స్థానమున గట్టి బోల్టు వేసి, ఇక విరుగదని సంతసించిన డ్రైవరు నొకనిని నే నెరుగుదును. బోల్టు విరుగలేదు, గేరుబాక్సులోని పండ్లు విరిగినవి.

కత్తులను జతలుగనే మార్చవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి అరిగినది వేసిన తూకము తప్పి యంత్రమంతయు వణకును. మంగలికత్తివలె పదును పెట్టరాదు. రాతినేలకు కొంత మొండియంచే నిలుచును. విరిగిన కత్తి నతికించుట, లారీ కమానుపట్టీని కోసి కత్తిగా వెల్డింగు చేయుట, కత్తికి బదులు గొలుసుముక్కలు కట్టుట, ఇవన్నియు మన వీధికొట్లలో జరుగుచున్నవే. వెల్డింగు వేడికి ఉక్కు గుణము చెడి, అతుకు ప్రక్కననే పగులును. గొలుసు సంగతి యింకను ఘోరము. చేతపట్టి నడుపు చిన్న పొదకోత యంత్రములకు ఇట్టి అతుకుల గొలుసుకత్తులను అమ్మరాదని ఐరోపా సంఘము 2012 జనవరిలో నిషేధించినది. ఊడి యెగిరిన ముక్క మనిషి ప్రాణము తీయుటయే అందులకు కారణము. చిన్న యంత్రమునకే అట్లైన, ట్రాక్టరు బలము వెనుకనున్న యంత్రమునకు వేరుగా చెప్పవలెనా?

యంత్రము నడచునంతసేపు 100 మీటర్లలోపల మనిషి గాని పశువు గాని యుండరాదు. ఒక గ్రామమున ముందుతెరలో నాలుగైదు గొలుసులు ఊడిపోగా, లెక్కచేయక యంత్రమును నడిపిరి. ఎగిరిన రాయి డొంక వెంట పోవుచున్న మేకను కూల్చినది. మేకకు వెల కట్టి యిచ్చిరి. ఆ మేకకు రెండడుగుల యెడమున దాని కాపరి నడుచుచుండెను.

ఇక డబ్బు సంగతి. ఎకరమునకింత యని బాడుగ కట్టినచో, బోల్టులు సరిచూచు గంట డ్రైవరునకు నష్టము, అతడు చూడడు. గంటకింత యని కట్టినచో ఆ గంట రైతునకు నష్టము. యంత్రము వచ్చి నిలిచినది, నడుపుమని తొందరపెట్టును. రాళ్లేరుటకు మనిషిని పెట్టడు. సంఘమో, ఆదాయము నడిచిన గంటలకే గదా యని యూరకుండును. ఈ ముగ్గురిలో చెడ్డవా డొక్కడును లేడు. ఆ గంటకు కూలి లేదు. కూలి లేని పని ఎవ్వరి పనియు కాదు. 2014-15లో ఆరంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకము మొదలుగా అద్దె కేంద్రములకు రాయితీలు వచ్చినవి. అవి యంత్రము వెలను తగ్గించును గాని, ప్రతి చేనివద్ద నట్లు బిగించు చేతికి కూలి నియ్యవు.

కావున సిద్ధపరచు గంట సంఘము ఖాతాలోనే వ్రాయబడవలెనని నా వాదము. డ్రైవరునకు ఆ గంటకును నడిచిన గంటతో సమముగా కూలి యియ్యవలెను. రైతు నుండి దానికి డబ్బు పుచ్చుకొనరాదు; పుచ్చుకొనినచో వలదనును. దానికి మారుగా రైతు రాళ్లేరించవలెను. చేను చూచి రాళ్లు తీయలేదని తోచిన నాడు డ్రైవరు యంత్రమును త్రిప్పి తీసికొనిపోవుటకు హక్కు గలవాడై యుండవలెను. చేను అధ్యక్షునిదైనను సరియే. ఈ కడపటి మాట వ్రాతలో లేకున్న తక్కినదంతయు వ్యర్థమని నా యనుభవము.

రెండెకరముల రైతునకు గంట పనికొరకు గంట సిద్ధపరచుట సంఘమునకు గిట్టదని కోశాధికారి యనును. ఆ మాటలో న్యాయమున్నది. ఒక్క డొంక కిరువైపుల చేలను ఒకే దినమున వరుసగా కోయించినచో ఎత్తును, షాఫ్టును ఒక్కమారు సరిచూచిన చాలును. చేను మారినపుడు గొలుసుతెరను, కత్తుల బోల్టులను మాత్రము చూడవచ్చును. పేర్లు ముందుగా వ్రాయించుకొని డొంకల వరుసను ప్రకటించుట మన సంఘములకు క్రొత్తపని కాదు. ఎరువుల పంపకమునకు చేయుచున్నదే.

సర్కారుతుమ్మను గూర్చి ఒక మాట. స్లాషరుతో తుమ్మను రూపుమాపుదుమని ఆశపడువారు చాలమంది. మణికట్టంత లావైన మానుపైకి ఈ యంత్రమును తోలరాదు. సన్ననిది తెగును గాని చావదు. మోడు నుండి నాలుగింతలు చిగుళ్లు వేయును, వాడియైన ఆ మోళ్లు ట్రాక్టరు టైర్లను పొడుచును. తుమ్మను వేరు మొదలుతో త్రవ్వి తీయవలసినదే. బండల నడుమ పొదలకును గొడ్డలియే తగినది, అది ఇంకను మన యిండ్లలో నున్నది.

కొనుటకు నిశ్చయించిన సంఘములు ఇద్దరు డ్రైవర్లను మాత్రమే యేర్పరచి, వారికి శిక్షణ నిప్పించుటకు గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రము వారిని అడుగవచ్చును. షెడ్డులో ఒక పుస్తక ముండవలెను: ఏ దినమున ఏ చేను, ఎవరి ట్రాక్టరు, ఎత్తెంత, గేరుబాక్సులో నూనె పోసినదెప్పుడు, కత్తులు మార్చినదెప్పుడు, సిద్ధపరచుటకు పట్టిన కాలమెంత. డ్రైవరు సంతకము లేని దినమునకు బాడుగ రసీదు వ్రాయరాదు. ఆ పుస్తకమును షెడ్డు తాళముతో కూడ ఒక్కరి చేతనే యుంచవలెను.