పాత కంప్యూటరునకు క్రొత్త విండోస్ వలయునా?

మన పాఠశాల కంప్యూటరు గదిలోని యంత్రములకు క్రొత్త ఆపరేటింగు సిస్టమును ఎక్కింపవలయునా, వలదా యని ఈ సంవత్సరము ఉపాధ్యాయుల గదిలో పలుమాఱులు చర్చ జరిగినది. చక్కగా నడచుచున్న బండికి చక్రములు మార్చుట యెందులకని కొందఱనిరి. లోకమంతయు మాఱినది, మనమే వెనుకబడితిమని మఱికొందఱనిరి. ఈ రెండు మాటలును నాకు తృప్తి కలిగింపలేదు.

ఎఱుగని తలిదండ్రుల కొఱకు ఒక మాట. కీబోర్డు, తెర, ప్రింటరు, దాచిన ఫైళ్లు, వీని నన్నిటిని ఒక పద్ధతిలో నడపించు ప్రధాన ప్రోగ్రామునకే ఆపరేటింగు సిస్టమని పేరు. మన యంత్రములలో నున్నది 2015లో వెలువడిన విండోస్ 10. దానికి అందఱికిని పంపుచుండిన మరమ్మతులను మైక్రోసాఫ్టు కంపెనీ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించినది. మఱునాడు యంత్రము లేవియు ఆగిపోలేదు. బాలబాలికలు యథాప్రకారము బొమ్మలు గీసిరి, టైపు చేసిరి. అందుచేతనే ఈ ప్రమాదము కంటికి కనబడదు.

తొందరపడవలదనువారి పక్షమున నేనే సాక్షిని. కొన్నేండ్ల క్రిందట, వేఱొక పాఠశాలలో, అర్ధసంవత్సర పరీక్షలు వారము దినములున్నవనగా నేను ఉత్సాహపడి కార్యాలయపు యంత్రమున క్రొత్త సిస్టము నెక్కించితిని. పాత ఫాంటులో టైపు చేసియుంచిన తెలుగు ప్రశ్నపత్రములను తెఱచి చూడగా ఆంగ్లాక్షరములును, చుక్కలును, గీతలును తప్ప ఒక్క తెలుగు ముక్కయైన కానరాలేదు. ఆ ఫాంటులలో ఆంగ్లాక్షరముల స్థానములందు తెలుగు రూపములను కూర్చియుందురు. ఫాంటు పోయిన తెలుగును పోవును. యూనికోడులోనైతే మన ప్రతి యక్షరమునకును తనదైన సంఖ్య యున్నది గనుక ఏ యంత్రమున తెఱచినను అక్షరము అక్షరముగానే యుండును. ఆ రాత్రి ఏడవ తరగతి ప్రశ్నపత్రమును చేతితోనే వ్రాసితిని. నకలు తీసియుంచక పోవుట నా తప్పే.

అయినను మానివేయుదమా? 2017 మే నెలలో వన్నాక్రై యను దుష్ట ప్రోగ్రాము లోకము నందలి లక్షలాది కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి డబ్బు కోరెను. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లును దాని వాత బడెను. ఆ రంధ్రమును పూడ్చు మరమ్మతు మార్చిలోనే వచ్చియున్నది. మూడేండ్లకు ముందే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి మాత్రము, ఉపద్రవము వచ్చి పడిన పిదపనే కంపెనీ దానిని సామాన్యుల కిచ్చినది.

కావున నేనడుగు ప్రశ్న యిది: ఆ యంత్రములో నున్నది ఎవరి సొత్తు? మన కార్యాలయపు కంప్యూటరులో పిల్లల పుట్టిన తేదీలు, మార్కులు, తలిదండ్రుల ఫోను నంబర్లు, జీతముల లెక్కలు కలవు. అవి మనవి కావు, మనకు నమ్మి యప్పగించినవి. నకలు తీసికొని ఆ యంత్రమును ఈ నెలలోనే విండోస్ 11కు మార్చవలయునని నా యభిప్రాయము.

పిల్లల గదిలోని పండ్రెండింటి సంగతి వేఱు. విండోస్ 11 నాలుగు గిగాబైట్ల మెమొరీతో తృప్తిపడదు. టీపీఎం 2.0 అను రక్షణ చిప్పును, తన జాబితాలోని ప్రాసెసరును కూడ కోరును. మన వానిలో నాలుగింటికే ఆ యోగ్యత గలదు. తక్కిన యెనిమిదింటిని పాఱవేసి, క్రొత్తవాని కొఱకు తలిదండ్రులను చందా యడుగుటకు నాకు నోరు రాదు. విద్యాసంస్థలకు యంత్ర మొక్కింటికి మొదటి యేడు ఒక డాలరు, రెండవ యేడు రెండు, మూడవ యేడు నాలుగు డాలర్లు తీసికొని 2028 అక్టోబరు వరకు మరమ్మతులు పంపెదమని కంపెనీ ప్రకటించినది. ఇది భారమైన ధర కాదు, గాని గడువు మాత్రమే. ఈలోపున లైనక్సును నేర్చుకొనవచ్చును. అది ఉచితము, పాత యంత్రములపై తేలికగా నడచును, తెలుగును చక్కగా చూపును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో యేండ్లుగా దానితోనే పాఠములు చెప్పుచున్నవి. నేర్చుకొనవలసినవారము ముందుగా ఉపాధ్యాయులమే. నలువదియైదేండ్ల వయస్సున మెనూలను మరల వెదకికొనుట నాకును విసుగే.

వేసవి సెలవులలో ఒక యంత్రముపై లైనక్సును పరీక్షించుటకు హెడ్మాస్టరుగారి యనుమతి కోరియున్నాను. పాత ఫాంటులోని ప్రశ్నపత్రములను యూనికోడులో తిరుగ టైపు చేయుటకు తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఐదుగురు కావలయును. ఇష్టమున్నవారు పరీక్షలైన వెంటనే నాతో చెప్పగలరు.