వెయ్యి ఉరుల మర్రికి తోట ఎవరు వేస్తారు?



గోదావరిఖనిలో సాయంత్రమైతే మనలో చాలామంది పార్కు బెంచీ మీదనే కూర్చుంటాం. ఎదురుగా ఎవరిదో ఒక విగ్రహం ఉంటది. ఎవరిది పెట్టాలి, ఎవరిది వద్దు అని నిర్ణయించింది ఎవరు? ఎప్పుడన్నా అడిగారా?

కాన్పూర్ కథ చెప్తా, వినండి. 1857 తిరుగుబాటులో అక్కడి బీబీఘర్‌లో దాదాపు రెండు వందల మంది ఇంగ్లీషు స్త్రీలను, పిల్లలను చంపి బావిలో పడేశారు. అది ఘోరమే, కాదనం. ఆ బావి మీద బ్రిటిష్ వాళ్లు 1860ల్లో పాలరాతి దేవదూత బొమ్మను నిలబెట్టారు. చెక్కింది మారొచెట్టి అనే పేరున్న శిల్పి. చుట్టూ పెద్ద తోట వేశారు. తోట ఖర్చు ఊరి జనం నెత్తిన జరిమానాగా వేశారు. అదే జనానికి పాస్ లేకుండా లోపలికి ప్రవేశం లేదు. పైసలు మనవి, తోట వాళ్లది!

ఆ తిరుగుబాటును అణచడానికి ఊళ్లకు ఊళ్లనే ఉరికంబం ఎక్కించిన ఆఫీసరు నీల్. అతనికి మద్రాసు మౌంట్ రోడ్డులో కంచు విగ్రహం పెట్టారు. 1927లో యువకులు దాన్ని తీసెయ్యాలని సత్యాగ్రహం చేసి జైలుకు పోయారు. పదేళ్లు పట్టింది. 1937లో అది రోడ్డు మీది నుంచి మ్యూజియంకు పోయింది.

ఇప్పుడు మన గోదారి ఎగువకు, నిర్మల్‌కు రండి. అదే తిరుగుబాటు కాలం. రాంజీ గోండు రోహిల్లాలతో చేతులు కలిపి ఇటు బ్రిటిష్ సైన్యంతో, అటు నిజాంతో కొట్లాడాడు. 1860లో పట్టుకొని ఆయనను, ఆయన మనుషులను ఒకే మర్రి చెట్టుకు ఉరి తీశారు. వెయ్యి మంది అని మన పెద్దలు చెప్తారు. అందుకే అది వెయ్యి ఉరుల మర్రి. వాళ్లకు ఏ శిల్పీ రాలేదు, ఎవరూ తోట వేయలేదు. ఆ మర్రి కూడా ఇప్పుడు లేదు. నిర్మల్‌లో రాంజీ విగ్రహం లేవడానికి వందేళ్లు దాటింది. అన్నేళ్లు ఆయనను బతికించింది రాయి కాదు, మన అవ్వల నోరు.

అది తెల్లోళ్ల కాలం అంటారా? ఇంద్రవెల్లి చూడండి. 1981 ఏప్రిల్ 20న కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క పదమూడు మంది. మన లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. అక్కడ కట్టిన స్తూపాన్ని 1986లో కూల్చేశారు, మళ్లీ కట్టుకున్నాం. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే 144 సెక్షన్, పోలీసు కాపలా. మన చచ్చిపోయినోళ్లకు దండం పెట్టడానికి మనకే అడ్డం. కాన్పూర్ తోట పాస్‌కు, దీనికి తేడా ఏంది?

ఇక మన బొగ్గు బెల్టు. రాంజీని ఉరి తీసిన పదకొండేళ్లకు, 1871లో, డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడని ప్రతి పుస్తకంలో ఉంటది. ఆ అడవిలో అప్పటికే బతుకుతున్నోళ్ల పేర్లు ఎక్కడుంటయి? చౌరస్తాల్లో టోపీకి లైటు పెట్టుకున్న కార్మికుడి విగ్రహం చూస్తాం. సంతోషమే, ఆయన చెమటకు దండం. కానీ గనుల కింద పోయిన ఊళ్లకు, గూడేలకు ఒక్క రాయి అయినా ఉందా?

విగ్రహం పెడితే భూమి రాదని నాకు తెలుసు. దండ వేసి, ఫొటో దిగి, పట్టా అడిగితే మొఖం తిప్పుకునే నాయకులను చూస్తూనే ఉన్నాం. అందుకే విగ్రహమా, భూమా అని ఎవరన్నా అడిగితే రెండూ అనండి. పేరు చెరిపేస్తే ఇక్కడ మీరు ఎప్పుడున్నారని అడుగుతరు. ఆ పేరే మన మొదటి సాక్ష్యం.

ఒక పని చేద్దాం. ఈ ఆదివారం మీ ఇంట్లో ముసలోళ్ల పక్కన కూర్చోండి. పోయిన ఊరి పేరు, వాగు పేరు, దేవర గద్దె ఉన్న చోటు అడిగి నోటుబుక్కులో రాయండి. ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డు చేయండి. ఆ పేర్లన్నీ చెక్కిన రాయి ఒకటి మన పార్కుల్లో పెట్టాలని సంతకాలతో అడుగుదాం. మద్రాసు పిల్లలకు పదేళ్లు పట్టింది. మనకూ పట్టొచ్చు. కానీ ముసలోళ్లు అన్నేళ్లు ఆగరు.

జై జోహార్. జల్, జంగల్, జమీన్.